వైద్యురాలు మేరీ గ్లౌరీ

గుంటూరు నగరమున సెయింటు జోసెఫ్ ఆసుపత్రి యను వైద్యాలయ మొకటి కలదు. ప్రతిదినమును ఎందరో రోగులు ఆ ద్వారమున ప్రవేశించుచుందురు. పసిబిడ్డల నెత్తుకొని పల్లెలనుండి వచ్చు తల్లులు, చూపు మందగించిన వృద్ధులు, ప్రసవమునకై వచ్చు స్త్రీలు వారిలో నుందురు. ఆ వైద్యాలయ మెవరి కృషివలన వెలసెనో ఎరిగినవారు మాత్రము వారిలో కొలదిమందియే. దానిని నెలకొల్పిన వనిత తెలుగునాట పుట్టినది కాదు. సముద్రముల కావల నున్న ఆస్ట్రేలియా దేశమున జన్మించి, ముప్పదిమూడవ యేట తెలుగుసీమకు వచ్చి, తక్కిన 37 సంవత్సరముల జీవితమును భారతదేశముననే గడపి, ఈ నేలమీదనే కన్నుమూసిన పుణ్యశీల ఆమె. ఆమె పేరు మేరీ గ్లౌరీ.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున బిర్రెగుర్రా యను చిన్న యూరిలో 1887వ సంవత్సరము జూను 23వ తేదీన మేరీ జన్మించెను. తండ్రి ఎడ్వర్డు, తల్లి మార్గరెట్. వారికి కలిగిన తొమ్మండుగురు సంతానములో ఆమె మూడవది. ఆమె బాల్యముననే ఆ కుటుంబము వాచెం అను గ్రామమునకు తరలిపోయెను. అది వానలు తక్కువగా కురియు మెట్టసీమ. అచటి వారికి గోధుమ పంటయే జీవనాధారము. గ్లౌరీ దంపతులు దైవభక్తి గల కథోలిక క్రైస్తవులు. ప్రతిదినము సాయంకాలమున ఇంటిల్లిపాదియు కూడి జపమాల చెప్పుకొనుట వారి యాచారము. ఆ ప్రార్థన చివర గురువులకొరకును వైద్యులకొరకును భగవంతుని వేడుకొనుట వారింట విశేషము. ఆత్మను కాపాడువారిని, శరీరమును కాపాడువారిని ఒక్కచోట తలచెడి ఆ ప్రార్థనను మేరీ బాల్యమునుండియు వినుచుండెను. తాను ఒకనాడు ఆ రెండు పనులను ఒక్క జీవితమున చేయవలసివచ్చునని ఆ బాలిక అప్పుడు ఊహించి యుండదు.

మేరీ చదువులో మిక్కిలి చురుకైనది. ఆమెకు పదుమూడేండ్ల ప్రాయమున, 1900వ సంవత్సరమున, విక్టోరియా యంతటికి జరిగిన విద్యార్థివేతనపు పరీక్షలో ముందు వరుసలో నిలిచెను. ఆ వేతనముతో పైచదువునకై మెల్బోర్ను నగరమునకు పోవలసివచ్చెను. అంత చిన్నవయస్సున తల్లిదండ్రులను, తోబుట్టువులను విడిచి దూరదేశమున నుండుట ఆమెకు కష్టముగనే యుండెను. అయినను పట్టుదలతో చదివి, మరల విద్యార్థివేతనము సంపాదించి, మెల్బోర్ను విశ్వవిద్యాలయమున చేరెను. మొదట ఆమె చేరినది సాహిత్యాది శాస్త్రముల తరగతి. వైద్యవిద్య నభ్యసింపుమని ఆమెను ప్రోత్సహించినవాడు తండ్రి.

ఆ కాలమున వైద్యురాలగుట సామాన్యమైన విషయము కాదు. స్త్రీలను వైద్యవిద్యార్థినులుగా చేర్చుకొనుటకు మెల్బోర్ను విశ్వవిద్యాలయ మంగీకరించినది 1887వ సంవత్సరముననే. అనగా మేరీ పుట్టిన యేటనే ఆ తలుపు తెరువబడినదన్నమాట. 1891లో ఇద్దరు స్త్రీలు మొట్టమొదటగా అచట వైద్యపట్టము నందిరి. అటుపిమ్మట ఇరువదియేండ్లు గడచినను, వైద్యురాండ్రయెడల ప్రజలకు సంశయము తీరలేదు. ఆసుపత్రులు వారికి సులభముగా ఉద్యోగము లిచ్చుట లేదు. మేరీ మొదట సంకోచించినను, తండ్రి మాటను మన్నించి వైద్యవిద్యలో ప్రవేశించి, 1910లో పట్టము పొందెను. మరుసటి యేడు న్యూజీలండు దేశమందలి క్రైస్టుచర్చి నగరపు ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగము లభించెను. ఆ దేశమున ఆసుపత్రిలో నివసించుచు పనిచేయు వైద్యురాలిగా నియమింపబడిన మొదటి స్త్రీ ఆమెయే యని చెప్పుదురు.

1912 ప్రాంతమున మేరీ మెల్బోర్నునకు తిరిగివచ్చి, కన్ను చెవి వ్యాధుల ఆసుపత్రిలోను, సెయింటు విన్సెంటు ఆసుపత్రిలోను పనిచేసెను. నగరమందలి ప్రసిద్ధ వైద్యు లుండు కాలిన్సు వీథిలో స్వంత వైద్యశాలను కూడ తెరచెను. 1914లో మొదటి ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. పలువురు వైద్యులు యుద్ధరంగమునకు తరలిపోగా, మిగిలినవారి భారము హెచ్చెను. మేరీ ఆ భారమును సమర్థతతో వహించెను. ధనము, గౌరవము, కీర్తి ఒక్కొక్కటిగా ఆమెను వెదకికొని రాసాగెను. ఆమె అట్లే యుండినచో ఆ మహానగరమున పేరుపొందిన వైద్యురాలిగా సుఖజీవనము గడపి యుండెడిది.

కాని 1915వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన ఆమె జీవితము మలుపు తిరిగెను. ఆనాడు ఒక చిన్నపుస్తకము ఆమె చేతికి వచ్చెను. అందు ఆగ్నెస్ మెక్‌లారెన్ అను వైద్యురాలి చరిత్ర యుండెను. ఆగ్నెస్ స్కాట్లండు దేశస్థురాలు. తన దేశమందలి విశ్వవిద్యాలయములు స్త్రీలకు వైద్యపట్టము లీయనందున ఆమె ఫ్రాన్సునకు పోయి 1878లో వైద్యపట్టము నందెను. డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట భారతదేశమునకు వచ్చి, రావల్పిండి నగరమున స్త్రీలకును బిడ్డలకును ఒక ఆసుపత్రి ఏర్పడుటకు కారకురాలయ్యెను. అచటి స్త్రీలు పలువురు ఘోషా పాటించువారు. పరపురుషుడు వైద్యుడైనను వారిని తాకరాదు, చూడరాదు. వైద్యురాండ్రు లేరు. కావున తేలికగా నయమగు రోగములకుకూడ వారు చికిత్స లేక మరణించుచుండిరి. వారి బిడ్డలును అట్లే రాలిపోవుచుండిరి. ఈ వృత్తాంతమును చదివి మేరీ చలించిపోయెను. ఆమె మోకరిల్లి ప్రార్థించెను. తాను చేయవలసిన పని భారతదేశమున నున్నదని ఆమెకు ఆ క్షణముననే నిశ్చయమయ్యెను.

నిశ్చయించుకొనుట ఒక యెత్తు, దానిని నెరవేర్చుట మరియొక యెత్తు. యుద్ధకాలమగుటచే ఆమె వెంటనే బయలుదేరుటకు వీలుపడలేదు. ఆవేశముతో తీసికొన్న నిర్ణయములు కాలము గడచినకొలది చల్లారిపోవుట లోకమున కలదు. మేరీ విషయమున అట్లు జరుగలేదు. వేచియుండవలసి వచ్చిన నాలుగు సంవత్సరములను ఆమె సన్నాహమునకు వినియోగించెను. 1916లో మెల్బోర్నున కథోలిక స్త్రీల సాంఘికసేవా సంఘ మేర్పడగా, దానికి ఆమె మొదటి అధ్యక్షురాలయ్యెను. స్త్రీలు తమ చదువును, తీరికను బీదలకొరకు వినియోగింపవలెనని ఆ సంఘము బోధించుచుండెను. మరియొక ప్రక్క ఆమె ఉన్నత వైద్యవిద్య నభ్యసించి, 1919లో ఎం.డి. పట్టము సంపాదించెను. ప్రసూతివిద్య, స్త్రీల వ్యాధులు, నేత్రవైద్యము ఆమె ప్రత్యేకముగా నేర్చిన శాఖలు. తాను పోబోవు దేశమున ఏ విద్య అత్యవసరమో ఆ విద్యనే ఆమె యెన్నుకొనెను. దయ ఒక్కటియే చాలదనియు, దానికి తగిన నేర్పు తోడుపడవలెననియు ఆమె నమ్మకము.

1920వ సంవత్సరము జనవరి 21వ తేదీన మేరీ మెల్బోర్నున ఓడ యెక్కెను. అది తిరుగుప్రయాణము లేని యాత్రయని ఆమెయు, ఆమెను సాగనంపవచ్చిన బంధువులును ఎరుగుదురు. ఫిబ్రవరి 12వ తేదీన ఆమె గుంటూరు చేరెను. అచట హాలండు దేశమునుండి 1904లో వచ్చిన యేసు మరియ జోజప్పల సభకు చెందిన కన్యాస్త్రీలు ఉండిరి. మేరీ వారి సభలో చేరి, తిరుహృదయ మేరీ యను సన్న్యాసనామమును స్వీకరించెను. కాలిన్సు వీథిలోని వైద్యురాలు గుంటూరులో సిస్టర్ మేరీ యయ్యెను.

ఇచట ఆమెకు ఒక చిక్కు ఎదురయ్యెను. కన్యాస్త్రీలు వైద్యవృత్తి నవలంబించుటకు, ముఖ్యముగా ప్రసూతివైద్యము చేయుటకు, ఆనాటి కథోలిక మతశాసన మనుమతింపలేదు. సన్న్యాసినికి తగిన నియమజీవనమునకు అట్టి వృత్తి భంగము కలిగించునని ఆ కాలపు పెద్దల భావము. ఈ నిషేధమును తొలగింపుమని ఆగ్నెస్ మెక్‌లారెన్ అనేక పర్యాయములు రోము నగరమునకు విన్నవించుకొని, కోరిక నెరవేరకమునుపే 1913లో మరణించెను. సన్న్యాసమును విడువక, వైద్యమును విడువక జీవింపవలెనని మేరీ సంకల్పము. రెండింటిలో నొకదానిని వదలుకొమ్మన్నచో ఆమె వచ్చిన పనియే వ్యర్థమగును. తుదకు పదునైదవ బెనెడిక్టు పోపు ఆమెకు ప్రత్యేకానుమతి నొసగెను. సన్న్యాసినిగా నుండి వైద్యము చేయుటకు అట్టి యనుమతి పొందినవారిలో ఆమెయే ప్రథమురాలని చెప్పుదురు. ఆ నిషేధము అందరికిని తొలగినది 1936వ సంవత్సరమున మాత్రమే. అప్పటికి మేరీ గుంటూరు చేరి పదునారేండ్లు గడచెను.

ఆనాటి గుంటూరు పరిస్థితిని మనము కొంత తెలిసికొనవలెను. అప్పటి చెన్నరాజధానిలో తెలుగుజిల్లాలకు ఒక్క వైద్యకళాశాలయైనను లేదు. విశాఖపట్టణమున 1923లోగాని వైద్యకళాశాల స్థాపింపబడలేదు. గుంటూరులోనే 1946వరకు వైద్యకళాశాల లేదు. అమెరికా దేశమునుండి 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ అను లూథరను సంఘపు వైద్యురాలు గుంటూరున స్త్రీలకై ఒక ఆసుపత్రిని నడపుచుండెను. అయినను లక్షలకొలది జనము గల విశాలమైన జిల్లాకు అది యేపాటి? మశూచి, విషూచి తరచుగా చెలరేగుచుండెను. పల్లెలలో ప్రసవములన్నియు మంత్రసానుల చేతులమీదుగనే జరుగుచుండెను. వారిలో అనుభవము గలవారు, దయ గలవారు లేకపోలేదు. కాని సూక్ష్మజీవులవలన రోగములు కలుగునను సంగతి వారికి ఎవరును చెప్పినవారు కారు. కడుగని చేతులతో పురుడు పోసినచో తల్లికి సూతికాజ్వరము వచ్చును. శుభ్రముచేయని కత్తితో బొడ్డు కోసినచో బిడ్డకు ధనుర్వాతము పట్టును. పుట్టిన బిడ్డ కన్నులను శుభ్రపరుపనిచో చూపు పోవు ప్రమాదమును కలదు. వేడినీరు, సబ్బు, ఉడికించిన పనిముట్లు ఉన్నచో తప్పిపోవు మరణములు ఇంటింటను జరుగుచుండెను.

సిస్టర్ మేరీ తన పనిని ఒక చిన్న మందులశాలలో ప్రారంభించెను. అచట పెద్ద భవనములు లేవు, విలువైన యంత్రములు లేవు. ఆమెకు దేశము క్రొత్త, ఎండలు క్రొత్త, రోగుల భాష క్రొత్త. కాని రోగికి ముందుగా కావలసినది తన బాధను ఓపికతో వినువారు. స్త్రీవైద్యురా లున్నదను వార్త పల్లెలకు ప్రాకెను. మగవైద్యునియొద్దకు పోనొల్లని స్త్రీలు ఆమె యొద్దకు రాసాగిరి. రాలేనివారికడకు ఆమెయే ఎద్దుబండిపై పోవుచుండెను. వచ్చినవారు ఏ కులమువారో, ఏ మతమువారో విచారింపకుండ ఆమె చికిత్స చేయుచుండెను. ప్రతి మనుష్యుని ప్రాణమును భగవంతుని చేతిపనియే యని ఆమె విశ్వాసము. ఆ విశ్వాసమునుబట్టి, ధనవంతుని యింటి బిడ్డకును, పూరిగుడిసెలోని బిడ్డకును ఆమె దృష్టిలో భేదము లేదు. ఇంక పుట్టని శిశువును, ఇంక బ్రతుకు ఆశ లేని వృద్ధుడును ఆమెకు సమానముగనే పూజనీయులు. నయముచేయలేని రోగిని సైతము విడిచిపెట్టరాదనియు, బాధను తగ్గించి దగ్గర నిలుచుట వైద్యుని ధర్మమనియు ఆమె తలంచుచుండెను.

క్రమక్రమముగా ఆ మందులశాల సెయింటు జోసెఫ్ ఆసుపత్రిగా పెరిగెను. ఈ పెరుగుదల సులభముగా జరిగినది కాదు. అనేక సంవత్సరములు అచట వైద్యపట్టము గలవారు ఆమె యొక్కరే. ఏటేట వేలకొలది రోగులు వచ్చుచుండిరి. పగలెల్ల రోగులను చూచి, రాత్రివేళ ప్రసవము కష్టమైన స్త్రీకొరకు మరల లేవవలసి వచ్చుచుండెను. వీని నడుమ సన్న్యాసిని చేయవలసిన ప్రార్థనలను ఆమె మానలేదు. మందులకును, పనిముట్లకును ధనము చాలనప్పుడు ఆమె స్వదేశమందలి మిత్రులకు లేఖలు వ్రాయుచుండెను.

ఒక్క వైద్యురాలు ఎంత శ్రమించినను ఒక జిల్లాకు చాలదు. ఈ సంగతిని ఆమె తొందరలోనే గ్రహించెను. తన చేతులతో వందమందిని కాపాడుట మంచిదే. కాని కాపాడగల చేతులను వంద తయారుచేయుట అంతకంటె మంచిది. కావున ఆమె స్థానిక యువతులకు మందులు కలుపుట, రోగులకు పరిచర్య చేయుట, పురుడు పోయుట నేర్పసాగెను. ఆ కాలమున రోగిపరిచర్యను నీచమైన పనిగా తలంచువారు పెక్కురు. రక్తమును, మలినమును తాకవలసిన పనికి తమ ఆడుబిడ్డలను పంపుటకు తల్లిదండ్రు లిష్టపడకుండిరి. ఉన్నతవిద్య గడించిన పరదేశపు వనిత తన చేతులతో ఆ పనులన్నియు చేయుచుండుట చూచిన పిమ్మట, ఆ పనిని హీనమని యెవ రనగలరు? ఆమె శిక్షణమున తెలుగు యువతులు పరిచారికలై, మంత్రసానులై, మందులు కలుపువారై తమ కాళ్లపై తాము నిలువగలిగిరి. నేడు ఆంధ్రదేశమునుండి నర్సులు దేశవిదేశములకు పోయి గౌరవముతో జీవించుచున్నారు. ఆ మార్గమును తొలుత వేసిన కొందరిలో సిస్టర్ మేరీ యొకతె.

రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండిన కాలమున ఆమె మరియొక గొప్ప పనికి పూనుకొనెను. భారతదేశమున అచ్చటచ్చట కన్యాస్త్రీలు నడపు మందులశాలలును, ఆసుపత్రులును చాల యుండెను. కాని ఒక్కొక్కటి ఒంటరిగా పనిచేయుచుండెను. ఒకరి అనుభవము మరియొకరికి తెలియదు. ఒకచోట మందులు లేక ఇబ్బంది కలిగినచో మరియొకచోటివారికి వార్తయే చేరదు. శిక్షణము పొందినవారు ఎల్లెడలను కొరతయే. విడివిడిగా నున్న దారములను పేనినచో మోకు అగునట్లు, ఈ సంస్థలన్నియు కలసినచో బలము కలుగునని సిస్టర్ మేరీ భావించెను. 1943వ సంవత్సరము జూలై 29వ తేదీన పదునార్గురు కన్యాస్త్రీలు కూడి కథోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించిరి. ఆమె దానికి మొదటి అధ్యక్షురాలు. పదునార్గురితో ఆరంభమైన ఆ సంఘము నేడు భారత కథోలిక ఆరోగ్యసంఘ మను పేరుతో సికింద్రాబాదు కేంద్రముగా పనిచేయుచున్నది. 3,000కు పైగా వైద్యసంస్థలు దానిలో చేరియున్నవి. వానిలో పెక్కు పట్టణములకు దూరమైన పల్లెలలోను, అడవిసీమలలోను ఉన్నవి.

ఆమెకు మరియొక కోరిక యుండెను. నేర్పుతోపాటు ధర్మబుద్ధియు గల వైద్యులను తయారుచేయుటకు ఒక వైద్యకళాశాల కావలెనని ఆమె ఆశించెను. కాని ఆ కోరిక ఫలించుట చూచు భాగ్యము ఆమెకు కలుగలేదు. వృద్ధాప్యమున ఆమెకు పుట్టకురుపు వ్యాధి సోకెను. దానినే నేడు కాన్సరనుచున్నారు. జీవితమంతయు ఇతరుల నొప్పులను మాన్పిన ఆమె, తన నొప్పిని ఓర్పుతో భరించెను. ఆ రోగమెట్టిదో, దాని ముగింపెట్టిదో వైద్యురాలైన ఆమెకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. 1957వ సంవత్సరము మే 5వ తేదీన బెంగుళూరు నగరమున ఆమె తుదిశ్వాస విడిచెను. అప్పటి కామె వయస్సు 69 సంవత్సరములు. ఆమె వచ్చునాటికి పరపాలనలో నున్న దేశము అప్పటికి స్వతంత్రమై పదేండ్లు కావచ్చెను. గుంటూరు ఆంధ్రప్రదేశ రాష్ట్రమున చేరి ఆరునెలలు గడచెను. ఆమె మరణించిన ఆరేండ్లకు, 1963లో, ఆ బెంగుళూరుననే సెయింటు జాన్సు వైద్యకళాశాల వెలసెను. ఆమె నాటదలచిన చెట్టును తరువాతివారు నాటిరి.

2013లో కథోలిక సంఘము మేరీ గ్లౌరీకి దైవసేవకురాలను బిరుదు నొసగెను. పునీతురాలిగా ప్రకటించుటకు ముందు జరుగు విచారణలో అది తొలిమెట్టు. అట్టి గౌరవము లభించినను లభింపకున్నను, గుంటూరు ప్రాంతపు పల్లెలలో ఆమెవలన బ్రతికిన తల్లుల సంతతి నేటికిని కలదు. వారిలో అనేకులకు ఆమె పేరైనను తెలియదు. మంచిపని చేసినవారికి ఇది లోపము కాదు. దీపమును వెలిగించినవారి నెరుగకున్నను వెలుగులో చదువుకొనుట మనకు అలవాటేకదా!

విద్యార్థులారా! మేరీ గ్లౌరీ చరిత్రలో అద్భుతములు లేవు. ఆమె చదువుకొనినది, తాను నేర్చినది ఎక్కడ ఎక్కువ అవసరమో ఆలోచించినది, అక్కడికి పోయి చివరివరకు నిలిచినది. కాలిన్సు వీథిలో ఆమె లేకున్నను ఆ రోగులకు మరియొక వైద్యుడు దొరకెడివాడు. గుంటూరు పల్లెలలోని స్త్రీలకు అట్లు దొరకెడివారు కారు. ఈ ఒక్క భేదమును గుర్తించుటయే ఆమె గొప్పతనము. రేపు మీరును ఏదో యొక విద్యను నేర్చి లోకమున ప్రవేశింతురు. అప్పుడు ఆ విద్య ఎవరికి మిక్కిలి కావలసియున్నదో ఒక్కసారి యోచింపుడు. ఆ ప్రశ్నకు సమాధానము కొన్నివేళల దూరదేశమున నుండవచ్చును. పెక్కువేళల అది మన వీథి చివరనే యుండును.